మల్లేశమన్న పెట్టిన ఎర్ర గీత

ఆదివారం పొద్దున మా అమ్మాయి వరండాలో కూర్చుని గోళ్ళకు ఎర్ర రంగు వేసుకుంటోంది. ఆ ఘాటు వాసన గాలితో పాటు నా దాకా వచ్చింది. చదువుతున్న పేపరు చేతిలో అలాగే ఉండిపోయింది. ఈ వాసన తగిలితే చాలామందికి పెళ్ళిళ్ళో పేరంటాలో గుర్తుకొస్తాయి కాబోలు. నాకు మాత్రం మేడ్చల్ హైవే పక్కన ఒక రేకుల షెడ్డు, గ్రీజు, పాత టైర్లు, కారు డిక్కీలోకి నడుము దాకా వంగిన ఒక సన్నటి మనిషి గుర్తుకొస్తారు. ఆ మనిషి చేతిలో పానా ఉండాల్సిన చోట గోళ్ళరంగు సీసా ఉంటుంది. ఆయన పేరు మల్లేశం. పోయిన ఎండాకాలంలో చనిపోయాడు. ఆయన పనితనం గురించి మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒక చెడ్డ మాట ఇప్పటికీ తిరుగుతోంది. ఆ మాట పుట్టింది మావాళ్ళలోనే. అది అబద్ధమని నాకు మొదటి రోజునుంచీ తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ప్లాట్లు అమ్మించే పనిలో ఉన్నాను. పదేళ్ళ క్రితం ఒక పాత కారు కొన్నాను. వారమంతా కొనేవాళ్ళను ఎక్కించుకుని శామీర్‌పేట, నాగారం, దుండిగల్ చుట్టూ కొత్తగా వేసిన వెంచర్లకు మట్టిరోడ్ల మీద తిప్పాలి. సెలవు రోజున మా ఆవిడ సుజాతను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆమెకు నడుములో డిస్కు జరిగింది. వెనక సీట్లో దిండు ఆనించుకుని కూర్చునేది. ఆ కారేమో రింగురోడ్డు మీద వేగం అందుకుంటే పడవలా ఊగేది, గుంతలో పడితే కింద ఠంగుమనేది. రెండు దుకాణాలు తిరిగాను. ఒకతను కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు చూపించి, వీటితో బండి రోడ్డుకు అతుక్కుపోతుందన్నాడు. ఇంకొకతను స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికిస్తే చాలన్నాడు. మూడోది మల్లేశమన్న షెడ్డు. ఆయన కారు కిందికి చూడను కూడా చూడలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఒకే ప్రశ్న అడిగాడు.

"ఎనక సీట్ల ఎవరు కూసుంటరు?"

నడిపేది నేనైతే వెనక సీటు సంగతి ఎందుకని అడిగాను.

"నువ్వు నడిపేటోనివి, నీకేం తెలుస్తది పటేలా? స్టీరింగు పట్టుకున్నోనికి గుంత ముందే కనబడతది, ఒళ్ళు సవరించుకుంటడు. ఎనకున్నోనికి దెబ్బ తాకినంకనే తెలుస్తది."

ఆయన నన్ను మామూలుగా తమ్మీ అనేవాడు. పటేలా అన్నాడంటే ఎగతాళి చేస్తున్నట్టు. సుజాత నడుము సంగతి చెప్పాను. వెంటనే లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి చెంబు నిండా నీళ్ళు తెచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. చెంబు తొడ మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "శామీర్‌పేట చెరువు దాక పోనియ్. నన్ను మరిచిపోయి నడుపు" అన్నాడు.

వెనక ఒక మనిషి నిండు చెంబుతో కూర్చుంటే మరిచిపోవడం ఎలా కుదురుతుంది? జాగ్రత్తగా నడిపాను. అర కిలోమీటరు పోగానే వెనకనుంచి మాట వినిపించింది. "గిట్ల రోజు నడుపుతవా? నడపవు గదా. నాటకం బంద్ చెయ్." చెరువు దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి చెంబులో సగం నీళ్ళు ఆయన ప్యాంటు మీద ఉన్నాయి. కిందికి దిగి, ఎండలో నిలబడి, ఎక్కడ ఎంత తడిసిందో డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసుకున్నాడు. మోకాలి వైపు తడి బ్రేకు వేసినప్పటిది. రెండు పక్కలా ఉన్నది మలుపుల్లో ఒరిగినప్పటిది. పొట్ట మీద చొక్కా తడిసిందంటే గుంత దాటాక కూడా బండి ఎగురుతూనే ఉందన్నమాట. బండికి ఏం వెయ్యాలో ఆయన అలాగే తేల్చుకునేవాడు. చూసి నవ్వేవాళ్ళు ఉండేవారు. నవ్వనిచ్చేవాడు.

"స్ప్రింగులు మంచిగనే ఉన్నయి, ముట్టొద్దు" అన్నాడు చివరికి. "స్ప్రింగు బరువు మోస్తది. దాని ఎగురుడును ఆపేది షాకబ్జర్. నీ షాకబ్జర్లు సచ్చినయి. స్ప్రింగు పొట్టిది ఏస్తే మలుపుల కులుకుతవ్ గనీ, గుంతల నీ పెండ్లాం నడుము ఇరుగుతది. మెత్తది ఏస్తే ఆమె నిద్రపోతది, నువ్వు మలుపుల రోడ్డు దిగుతవ్. రెండూ కావాల్నంటే జర ఓపిక పట్టాలె."

ఓపిక అంటే మూడు రోజులు. ఒరగడంలో సగం రోగం అరిగిపోయిన రబ్బరు బుష్షుల్లో ఉందని తేల్చి ముందు అవి మార్చాడు. అమ్మేవాడికి వాటిలో మిగిలేది చాలా తక్కువ. తర్వాత మెత్తదనం, గట్టిదనం మార్చుకునే వీలున్న షాక్ అబ్సార్బర్లు వేశాడు. వెనకవాటికి డిక్కీ లోపల, తివాచీ కింద తిప్పే బుడిపెలు ఉంటాయి. ఒక్కో మెట్టు తిప్పడం, చెంబు పట్టుకుని ఎక్కడం, చెరువు దాకా వెళ్ళి రావడం. మూడో రోజు చెంబులోంచి నాలుగు చుక్కలు మాత్రమే ఒలికాయి. "మొత్తం ఒలకకుంటె కూడ తప్పే. రోడ్డు ఎట్లున్నదో మనిషికి జరంత తెల్వాలె" అని, జేబులోంచి గోళ్ళరంగు సీసా తీశాడు. బుడిపె మీదినుంచి దాని కింది ఇనుము మీదికి ఒకే సన్నటి ఎర్ర గీత గీశాడు. బుడిపె ఒక్క మెట్టు కదిలినా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. పెయింటు వాడొచ్చు కదా అన్నాను. "పెయింటు పెచ్చులు లేస్తది. గిది మా నర్సమ్మ పెట్టుకుంటె నెలంత బోళ్ళు తోమినా పోదు" అన్నాడు. భార్య సీసాలన్నీ ఈయన జేబులోకే చేరేవి.

ఆ రోజు సుజాత శామీర్‌పేట దాకా వచ్చి, దిండు తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత ఏదో ఒక వంకతో ఆ షెడ్డుకు వెళుతూ ఉండేవాణ్ణి. ఒకాయన పెద్ద జీపు తెచ్చి దాన్ని ఇంకా ఎత్తు లేపమన్నాడు. "ఎక్కనీకి కొన్నవా, మంది జూడనీకి కొన్నవా? మీ అమ్మను ఎక్కించి చూపియ్యి, అప్పుడు లేపుత" అని పంపేశాడు. అలాంటివి చూసీ చూసీ నా పని తీరు కూడా మారింది. ప్లాటు చూడటానికి వచ్చినవాళ్ళను, ఇక్కడ పగలంతా ఇంట్లో ఉండేది ఎవరని అడగడం మొదలుపెట్టాను. డబ్బు పెట్టేవాడు ఒకడు, నీళ్ళు రాని చోట ఉండాల్సింది ఇంకొకరు. వెనక సీటు ప్రశ్న అన్నిచోట్లా పనికొస్తుందని నాకు నేర్పింది ఆయనే.

నేర్చుకున్నవాణ్ణి నిలబెట్టుకోవాల్సింది. నాతో పాటు ప్లాట్లు అమ్మే శేఖర్ కొత్త కారు కొన్నాడు. రింగురోడ్డు మీద ఇద్దరం పక్కపక్కన వెళ్ళి టీ కోసం ఆగాం. "ఏందన్నా, నీ బండి పెండ్లికూతురు లెక్క వంగి వంగి నడుస్తాంది" అన్నాడు నలుగురి ముందు. నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ సాయంత్రం ఒక వెంచరు గేటు దగ్గర డిక్కీ తెరిచి, తివాచీ ఎత్తి, రెండు బుడిపెల్నీ చివరిదాకా గట్టి వైపు తిప్పేశాను. నున్నటి రింగురోడ్డు మీద బండి బాణంలా పోయింది. గర్వంగా అనిపించింది. వారం రోజులకు సుజాత మళ్ళీ దిండు తీసుకుంది. "బండికేమన్న అయిందా?" అని అడిగింది. "రోడ్లు బాలేవు" అన్నాను.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం శామీర్‌పేట చెరువు దగ్గర, అతుకులు వేసిన తారు మీద మలుపు తిరుగుతున్నాను. చినుకులు పడుతున్నాయి. నేను పెంచిన గట్టిదనానికి వెనక చక్రాలు అతుకు మీద ఎగిరాయి. ఎగిరిన చక్రం మళ్ళీ నేలను పట్టుకునేలోపు బండి తోక పక్కకు జారింది. తిరిగి తిరిగి కాలువలో ఆగింది. నాకు ఏమీ కాలేదు. వెనక సీట్లో సుజాత భుజం ఎముక విరిగింది.

ఆసుపత్రికి మా బావమరిది పరుగెత్తుకొచ్చాడు. నాగారంలో అతనికి ట్రావెల్స్ ఉంది. కార్లన్నీ అప్పుడప్పుడే మల్లేశమన్నకు అప్పజెప్పాలని మాట్లాడుకుంటున్నారు. ఆ మాట కుదిర్చింది నేనే. "బండికి పని చేసిందెవరు బావా?" అని అడిగాడు. "మల్లేశం" అన్నాను. అందులో అబద్ధం లేదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చేసింది. మిగతా సగం గొంతులోనే ఆగిపోయింది. సాయంత్రానికి మా బంధువుల్లో, రెండు రోజులకు అతని డ్రైవర్లలో, నెలకు మేడ్చల్ కార్ల అడ్డా మీద అదే మాట. మల్లేశం వేసిన షాక్ అబ్సార్బర్ల వల్ల బండి పల్టీ కొట్టిందట. నిజానికి పల్టీ కూడా కొట్టలేదు.

కారును లాక్కొచ్చి పెట్టిన చోటికి మల్లేశమన్న మర్నాడే వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. ఎవరినీ ఏమీ అడగకుండా డిక్కీ తెరిచి తివాచీ ఎత్తాడు. రెండు ముక్కలైన ఎర్ర గీతను నేనూ చూశాను. ఆయన చాలాసేపు వంగే ఉన్నాడు. నిటారుగా నిలబడి నా మొహంలోకి చూశాడు. నేను కాలువలో చీరుకుపోయిన బంపరును చూస్తున్నాను. "చెల్లెకు ఎట్లున్నది?" అన్నాడు. అంతే.

నాలుగు రోజులకు మా ఇంటికి వచ్చాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. తలుపు తీసింది సుజాత, భుజానికి కట్టుతో.

"పానం ఎట్లున్నది తల్లీ?"

"బతికున్న. నువ్వు జేసిన పనికి గదే ఎక్కువ."

"బత్తాయిలు తెచ్చిన."

"మా ఇంట్ల ఉన్నయి. తీస్కపో."

నేనున్న గదినుంచి గుమ్మం దాకా పది అడుగులు. "మంచిది తల్లీ. బరువులు ఎత్తకు" అన్న మాట, చెప్పులు వేసుకున్న చప్పుడు, గేటు చప్పుడు వరుసగా విన్నాను. లేవలేదు.

మా బావమరిది కార్లు ఇంకో చోటికి వెళ్ళాయి. వాటి వెంట మిగతా డ్రైవర్లూ వెళ్ళారు. ఏడాది తిరక్కుండా మల్లేశమన్న హైవే మీది షెడ్డు వదిలి, లోపలి వీధిలో ఒక్క కారు పట్టే చోటుకు మారాడు. అక్కడ ఎక్కువగా స్కూటర్లు బాగుచేసేవాడు. రెండేళ్ళ తర్వాత, ఎవరూ లేని సమయం చూసుకుని కారు తీసుకెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. ఆయన పాత గిరాకీని చూసినట్టే చూసి, చెంబు నింపుకొచ్చి వెనక ఎక్కాడు. చెరువు దాకా వెళ్ళాం, వచ్చాం. ఆ మలుపు దగ్గర నేను వేగం తగ్గించాను. బుడిపెలు సరిచేసి, పాత రంగు గీకేసి, కొత్త గీత గీశాడు. మూత బిగిస్తూ అన్నాడు.

"తమ్మీ, ఈసారి తిప్పాలనిపిస్తె నాకు చెప్పి తిప్పు."

ఆయన తెరిచి పెట్టిన తలుపు అది. "సరే అన్నా" అని బండెక్కాను. ఆ తర్వాత ఏటా రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ చెప్పకుండానే వచ్చేవాణ్ణి.

ఆయన పోయాడని తెలిసిన రోజు సుజాత ముందు కూర్చుని అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. చాలాసేపు తన భుజం పట్టుకుని కూర్చుంది. "ఎముక ఇరిగిందని నాకు కోపం లేదు. అది అతికింది. ఆ మనిషి పండ్లు తెస్తె తలుపు కాడ్నే నిలబెట్టిన. నువ్వు లోపల విన్నవు. నాతోని ఆ మాట అనిపిచ్చినవు. దాన్ని నేను ఇప్పుడు ఎట్ల వాపస్ తీసుకోవాలె?" అంది.

పదకొండో రోజు దాటాక ఇద్దరం నర్సమ్మక్క దగ్గరికి వెళ్ళాం. నేను చెబుతుంటే మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టింది. "నాకెరుకే. ఆనాడే చెప్పిండు. మరి మందికి చెప్పరాదా, మన పని పోతాంది గదా అని నేను కొట్లాడిన. 'ఆ చెల్లె ఆయనతోని బతకాలె, నేను చెప్తె ఇంట్ల ఏమైతదో. ఆయనే చెప్తడు తియ్' అన్నడు" అంది. తర్వాత నా వైపు చూడకుండా, చీర కొంగు సర్దుకుంటూ అంది: "నీ బండి సప్పుడైనప్పుడల్ల, 'ఇయ్యాల చెప్పనీకి వచ్చిండో ఏమో' అంటుండె."

సుజాత ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

మా బావమరిదికి చెప్పాను. "ఇప్పుడెందుకు బావా, మనిషే లేడు గదా" అన్నాడు. అయినా అడ్డాకు వెళ్ళి అతని డ్రైవర్లకు చెప్పాను. కొందరు విన్నారు, కొందరు ఫోనులు చూసుకున్నారు. అబద్ధం నెల రోజుల్లో తిరిగినంత దూరం నిజాన్ని తిప్పడానికి నాకు ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు.

ఆ కారు ఇంకా నా దగ్గరే ఉంది. కొనేవాళ్ళు ఎవరైనా వెనక సీట్లోంచి, "పాత బండి అయినా కుదుపు తెలుస్తలేదు, పని ఎవరు చేసిండ్రు?" అని అడిగితే బండి పక్కకు ఆపుతాను. డిక్కీ తెరిచి, తివాచీ ఎత్తి, ఆయన చివరిసారి గీసిన ఎర్ర గీత చూపిస్తాను. చెంబు నీళ్ళనుంచి మొదలుపెట్టి మొత్తం చెబుతాను. ప్లాటు చూడటానికి ఆలస్యమవుతోందని వాళ్ళు గడియారం చూసుకుంటారు. పరవాలేదు. తిప్పింది నేను అన్న చోటికి వచ్చేసరికి నా చెయ్యి ఇంకా డిక్కీ మూయబోతుంది. అది కూడా చెప్పాకే బండి కదిలిస్తాను.