పాపకు లేని జ్వరం

అక్టోబరు జపమాల మాసం. బద్వేలులో మా వీధిలోని కతోలిక ఇళ్లకు మరియమాత స్వరూపం, అంటే చిన్న విగ్రహం, వంతులవారీగా వస్తుంది. వచ్చిన సాయంత్రం ఆ ఇంట్లో అందరం జపమాల చెప్పుకుంటాం. మరునాడు ఆ ఇంటివాళ్లే స్వరూపాన్ని పక్కింట్లో అప్పగించాలి.

మంగళవారం మా ఇంటికి వచ్చింది. తర్వాతి వంతు పక్కింటి అవ్వది. శుక్రవారం ఆమె గుండె ఆపరేషన్‌కు కర్నూలు పోవాలి. ఆలోపు ఆ మరియమ్మ తన ఇంట్లో ఒక్కపూట ఉండాలని ఆమె ఆశ.

బుధవారం నేను తీసుకెళ్లలేదు. పని ఎక్కువై కాదు. మా పాప నిద్రపోతుంటే పక్కనే పడుకుని, ఫోనులో పిల్లల జబ్బుల గురించి చదువుతూ ఉండిపోయాను. చీర మార్చుకుని పదిమందిలో కూర్చోవాలంటేనే విసుగేసింది. ‘పాపకు జ్వరం, రేపు తెస్తాను’ అని వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గురువారమూ అదే పెట్టాను.

చిన్నప్పుడు ఏడు మూలపాపాలను వేళ్ల మీద అప్పజెప్పేవాళ్లం. సోమరితనం దగ్గర మేం నవ్వితే, నేర్పించే మఠం సిస్టరమ్మ అనేది: “పండుకునేదొకటే కాదు పాపా, దేవుడంటే మొగం మొత్తేది గూడా సోమరితనమే.”

శుక్రవారం పొద్దున అవ్వే వచ్చింది, వెనక సంచితో కొడుకు.

“బస్సుకు పోతాండాం. అమ్మను చూసి పోదామని వచ్చినా. బిడ్డకెట్లుండాది?”

స్వరూపం ఫ్రిజ్ మీద, డైపర్ల ప్యాకెట్ వెనక ఉంది. పక్కనే కాగితం విప్పని కొవ్వొత్తి. దించి ఇచ్చాను. అవ్వ కొంగుతో దుమ్ము తుడిచి ముద్దు పెట్టుకుంది. అంతలో పాప దోగాడుతూ వచ్చి ఆమె చీర పట్టుకుంది. అవ్వ నుదురు తాకి చూసింది.

“సల్లగానే ఉండాదే!”

“రాత్రే తగ్గిందవ్వా.”

“రెండు దినాల్నుంచి పీట తుడిచి పెట్టుకోని కూచునింది మాయమ్మ,” అన్నాడు కొడుకు, ఫ్రిజ్ వైపు చూస్తూ.

“ఊరుకోప్పా. బిడ్డ కోసరం అమ్మ ఈడనే ఉండిపాయ. నాకేం, గట్టిదాన్నే.”

ఈ సాయంత్రం అవ్వ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఆపరేషన్ రేపు పొద్దునట.

“బస్సులో జపమాలంతా నీ బిడ్డకే చెప్పినా. మళ్లా జరం రాలేదు గదా?”

“రాలేదవ్వా,” అన్నాను.

ఆమె తనకోసం చెప్పుకోవాల్సిన జపం, లేని జ్వరానికి పోయింది. స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి ఆమె కోసం జపమాల మొదలుపెట్టాను. రెండో పది పూసల దగ్గర పాప ఏడిస్తే లేచాను. పాప పడుకుని గంట దాటింది. జపమాల బల్ల మీదే ఉంది. నేను ఇది రాస్తూ కూర్చున్నాను.