చంటీ అని పిలిచినందుకు

ఎలీసమ్మ కువైట్‌లో దిగేనాటికి ఆ ఇంటి పిల్లాడికి ఇంకా మెడ నిలవలేదు. వాళ్ళది బ్నీద్ అల్ గార్‌లో మేడ ఇల్లు. ఆ ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలి; ఆవిడ బ్యాంకులో ఆఫీసరు. పురిటి సెలవు అయిపోగానే పిల్లాణ్ణి ఎలీసమ్మ చేతుల్లో పెట్టి ఉద్యోగానికి వెళ్ళిపోయింది. పిల్లాడి పేరు బదర్. రాజోలు దగ్గర పల్లెలో, పిల్లలు పుట్టలేదని మొగుడు వదిలేసిన మనిషి ఎలీసమ్మ. ఒళ్ళో వెచ్చగా పడుకున్న ఆ పసికందును ఆమె మొదటి రోజే "చంటీ" అంది. ఆ పేరే నిలిచిపోయింది.

బదర్‌కు మాటలు ముందు తెలుగులోనే వచ్చాయి. "ఎలీ, ఆకలేత్తందే" అని వాడు అచ్చం కోనసీమ పిల్లాడిలా అంటుంటే మామా నవ్వి, వచ్చిన చుట్టాల ముందు మళ్ళీ మళ్ళీ అనిపించేది. బడికి వెళ్ళాక అరబ్బీ, ఇంగ్లీషు పెరిగాయి. తెలుగు వంటింటికే పరిమితమైంది. అయినా జ్వరం వస్తే మాత్రం వాడు ఎలీసమ్మ గదిలోకే వచ్చి పడుకునేవాడు.

కాలేజీలో చేరాక బదర్‌కు ఐస్ హాకీ పిచ్చి పట్టింది. బూట్ల కింద కత్తులు కట్టుకుని, మంచు మీద జారుతూ, నల్లటి రబ్బరు బిళ్ళ కోసం కర్రలతో కుమ్ముకునే ఆట. బయట ఎంత ఎండ కాసినా ఆ హాలు లోపల పళ్ళు కటకటలాడే చలి. ఆ చలికాలం నాలుగు కాలేజీల మధ్య పోటీలు పెట్టారు. చెమటతో కుళ్ళు కంపు కొట్టే బదర్ జెర్సీలు, మోకాలి పట్టీలు ఎలీసమ్మే ఉతికేది. "మా వోడు మంచు మీద కూడా పరిగెడతాడండి" అని చర్చిలో తోటి ఆడవాళ్ళకు గొప్పగా చెప్పుకునేది.

మొదటి ఆటకు మామా ఆమెను వెంట తీసుకెళ్ళింది, టీ ఫ్లాస్కు మోయడానికి. ఆట సగంలో అవతలి జట్టువాడొకడు బదర్‌ను అద్దాల గోడకేసి గుద్దాడు. బదర్ వెల్లకిలా పడి కదల్లేదు. ఎలీసమ్మ చేతిలోని ఫ్లాస్కు కింద పడిపోయింది. మెట్ల మీదుగా కిందికి పరిగెత్తి, రెండు చేతులతో అద్దాన్ని బాదుతూ, "చంటీ! నాయనా! దెబ్బ తగిలిందేంట్రా!" అని హాలంతా మోగేలా అరిచింది.

వరసల్లో కూర్చున్నవాళ్ళు ఆమెవైపు తిరిగారు. తరవాత నవ్వులు. బదర్‌కు పెద్ద దెబ్బేమీ తగల్లేదు. లేచి ఆమెవైపు చూశాడు. ఆ చూపు ఎలీసమ్మకు అర్థం కాలేదు.

జట్టులో గోల్ కాపు కాసేవాడు పవన్ కుమార్. వాళ్ళ నాన్న సాల్మియాలో ఏదో ఆఫీసులో మేనేజరు. ఆ జట్టులో తెలుగువాడు అతనొక్కడే. ఆమె ఏమని అరిచిందని అందరూ అడిగితే అతను చెప్పేశాడు: "చంటి అంటే పాలు తాగే పసిపాప." అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని పవన్‌ను, ఆ మాట అనువదించినందుకు జట్టు తమలో కలుపుకుంది.

ఇక ఆ సీజనంతా బదర్ పేరు చంటి. బట్టలు మార్చుకునే గదిలో చంటి. అవతలి కాలేజీవాళ్ళు కూర్చునే వరసల్లోంచి పసిపాప ఏడుపులు. ఎవరో అతని సంచిలో పాలసీసా కూడా పెట్టారు. ఉతకడానికి సంచి తెరిచిన ఎలీసమ్మే దాన్ని బయటికి తీసింది.

"ఇదేంటి చంటీ?" అంది ఆమె.

బదర్ ఆ సీసా లాక్కుని గోడకేసి కొట్టాడు. "నా ముందు ఇంకోసారి తెలుగు మాటాడేవంటే పళ్ళు రాలతాయి" అన్నాడు. ఆ మాట తెలుగులోనే అన్నాడు.

ఆ తరవాత ఆమె వడ్డిస్తే తినడం మానేశాడు. ఆమె గదిలోకి వస్తే తను లేచిపోయేవాడు. నెలలు అలాగే గడిచాయి. తన నోరే కొంప ముంచిందని ఎలీసమ్మ తనని తానే తిట్టుకుంది.

చివరి ఆటకు ముందు శుక్రవారం జట్టంతా ఆ ఇంటికి వచ్చింది. భోజనాలయ్యాక కారు షెడ్డు తలుపు ముందు బిళ్ళ కొట్టడం ప్రాక్టీసు మొదలుపెట్టారు. గోల్‌లో నిలబడాల్సిన పవన్ తిండి ఎక్కువై గోడకు చేరబడ్డాడు. అప్పుడు బదర్ పిలిచాడు.

"ఎలీ! యల్లా, ఇటు రా."

ఎన్నో నెలల తరవాత వాడి నోట తన పేరు. తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ ఆమె పరిగెత్తినట్టే వచ్చింది. ఆమె నెత్తిన హెల్మెట్ పెట్టారు, కాళ్ళకు పట్టీలు కట్టారు. చేతులకు మాత్రం ఏమీ తొడగలేదు. అద్దం లేకుండానే తనెలా ఉందో ఆమెకు తెలుసు. వాళ్ళతో పాటు తనూ నవ్వింది. పోనీలే, వాడి కోపం తీరింది కదా అనుకుంది.

మొదట ప్లాస్టిక్ బంతి. తరవాత బిళ్ళ. తొడకు ఒకటి, పొట్టకు ఒకటి తగిలాయి. నవ్వు మానేసి, "చాలు బాబూ" అంది. ఎవరూ ఆపలేదు. అప్పుడు బదర్ వంతు వచ్చింది. కర్ర ఎత్తి ఆగాడు.

"కొట్టలేవులే చంటీ," అన్నాడు పవన్ తెలుగులో, "అమ్మ కదా."

బదర్ కొట్టాడు. ముఖానికి అడ్డం పెట్టుకున్న కుడి చేతి మణికట్టు పుల్లలా విరిగింది. ఎలీసమ్మ మోకాళ్ళ మీద కూలబడింది. ఎవరో "గోల్ కాలేదు!" అన్నారు. నవ్వారు. బదర్ నవ్వలేదు. దగ్గరికీ రాలేదు. కర్ర అక్కడే పారేసి లోపలికి వెళ్ళిపోయాడు.

పవన్ వంగి మెల్లగా చెప్పాడు: "ఆంటీ, బాత్రూంలో జారిపడ్డానని చెప్పండి. లేకపోతే మీకే ఇబ్బంది."

ఆస్పత్రిలో ఆమె అలాగే చెప్పింది. కట్టు కట్టారు. నాలుగు రోజులు పోయాక మామా గదిలోకి వచ్చి, "ఖలాస్, ఇక చాలు ఎలీ. నువ్విక్కడ ఉండే ఇఖామా కాగితం రద్దు చేయిస్తున్నాను. ఊరికి వెళ్ళు" అంది.

అప్పుడు ఎలీసమ్మ ఉండబట్టలేకపోయింది. "మామా, నేను జారిపడలేదు. బదర్ కొట్టాడు" అంది.

"తెలుసు," అంది మామా. "పై కిటికీలోంచి చూశాను. అందుకే పంపిస్తున్నా. నువ్వు ఈ కట్టుతో ఎదురుగా తిరుగుతుంటే వాడు తిండి తినలేకపోతున్నాడు."

ప్రయాణం రోజు పొద్దున బదర్ ఆమె గది గుమ్మం దాకా వచ్చాడు. ఎలీసమ్మ లేచి నిలబడింది. వాడు గోడవైపు చూస్తూ జెర్సీ ఆరిందా అని అరబ్బీలో అడిగాడు. ఆరింది. ముందురోజు ఎడమ చేత్తో ఉతికి పెట్టింది. తీసి ఇచ్చింది. పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే చివరి ఆట.

ఆ ఇంటి డ్రైవరు చిన్నపుల్లయ్యది కడప వైపు. ఆమెను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తూ దారిపొడుగునా ఉడికిపోయాడు. "ఎంబసీకి పోదాం పాక్కా. సెయ్యి ఇరగ్గొట్టి మూట కట్టి పంపిత్తాంటే గమ్మున పోతావా? కారు షెడ్డు కాడ్నే ఉండి నేను జూసినానని జెప్తా."

"నీ ఉద్యోగం కూడా పోద్ది తమ్ముడూ. బండి పోనీ" అంది.

చిన్నపుల్లయ్య వారం తరవాత ఫోన్ చేశాడు. వాళ్ళ కాలేజీ గెలిచిందట. చివరి గోల్ బదర్ కొట్టాడట. జనమంతా "చంటీ, చంటీ" అని కేకలేస్తుంటే ఆ పిల్లోడు కర్ర పైకెత్తి తిప్పినాడక్కా, అని చెప్పాడు. ఎలీసమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆమె మణికట్టు వంకరగా అతుక్కుంది. బిందె ఎత్తలేదు, పిడికిలి బిగించలేదు. చెల్లెలి ఇంట్లో ఉంటూ ఎడమ చేత్తో అన్నం తినడం నేర్చుకుంది. ఊళ్ళో అందరికీ బాత్రూం కథే చెప్పింది, పాస్టరుగారి భార్యకు తప్ప. ఆవిడ అంతా విని, కళ్ళు తుడుచుకుని, "పెంచిన బిడ్డే కదమ్మా. క్షమించేసెయ్యి. మనసు తేలికపడుద్ది" అంది.

"లేదండి," అంది ఎలీసమ్మ. "నేను క్షమించలేదండి. రోజూ ప్రార్థనలో దేవుడికి కూడా అదే చెప్తన్నాను."