ఇద్దరు జావాలు, ఒక షుగరు

బడి మధ్యలోనే మానేసిన నన్ను పంజాగుట్టలో ఒక ల్యాబువాళ్లు రక్తం గొట్టాలు మోయడానికి పెట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరబోయే కుర్రాళ్లకు పరీక్షలు చేయడానికి అమీర్‌పేట హాస్టళ్లకు వెళ్లేవాళ్లం. అక్కడ ఎవరినీ పేరుతో పిలవరు, నేర్చుకునే కోర్సుతో పిలుస్తారు. మా టెక్నీషియన్ ఆ ఆచారాన్ని మహా గౌరవించి, ఒకే గదిలో జావా కోర్సు నేర్చుకునే ఇద్దరి రక్తం తీసి, రెండు గొట్టాల మీదా ‘జావా’ అనే రాశాడు.

మర్నాడు ఒక జావా ఏడుస్తూ ల్యాబుకు వచ్చాడు. “అన్నా, నాకు షుగరేంటి? సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఈ రిపోర్టు చూస్తే నన్ను తీసుకుంటారా?” రిపోర్టు బాగా వచ్చిన రెండో జావా అతణ్ణి ఓదార్చడానికి తోడొచ్చాడు.

“ఇద్దరూ జావాలే కదా, ఉన్న షుగరు చెరి సగం పంచుకోమందామా?” అని మా ల్యాబు డాక్టరు మేడం టెక్నీషియన్‌ని అడిగారు. ఏడుస్తున్న కుర్రాడికి మళ్లీ రక్తం తీయించారు. ఈసారి పేరు, ఇంటిపేరు అతని నోటితోనే చెప్పించి, కుర్చీలోంచి లేవకముందే గొట్టం మీద రాయించారు. అమ్మానాన్నలు పెట్టిన పేరుకు అమీర్‌పేటలో మొదటిసారి పని దొరికింది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. అతనికి షుగరు లేదు.

“చెప్పాను కదరా, అనవసరంగా భయపడ్డావ్! పద, పార్టీ ఇవ్వు,” అంటూ రెండో జావా లేచాడు.

“నువ్వు జర కూసో తమ్మీ,” అన్నాను. “గా షుగరు ఎవలదో ఒకలది కావాలె గదా.”