తెల్లపంచె ముందు తీయని ఫోటో

నా భార్య తల విరబోసుకుని కూర్చుని ఉండగా మా ఇంట్లో ఫోటో తీసి, నాకు చెప్పకుండా దంతెవాడలో గోడకు పెట్టారు. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను. ఒంటి మీద చొక్కా లేదు. చేతిలో దువ్వెన ఉంది.

తీసినది కిరండూల్ గనుల కాలనీలో పుట్టి పెరిగిన అమ్మాయి. వాళ్ల నాన్నది ఆంధ్రా. "ఇళ్లలో మనుషులు ఎలా ఉంటారో అలాగే తీస్తానండీ తాతగారూ" అంటూ పామేడు దగ్గరి మా ఊరికి వచ్చి, మా ఇంట్లో మూడు రోజులు ఉంది. ఆ మాట వినగానే నాకు అనుమానం వేసింది. ఇంట్లో ఎలా ఉంటామో ఊళ్లో వాళ్లకే చెప్పుకోం, పరాయివాళ్లకెందుకు?

ఈ ప్రాంతంలో ఫోటోకు భయపడటం పిచ్చితనం కాదు. నా పడుచు వయసులో ఒకడు మా సంతకు వచ్చి నవ్వుతూ ఫోటోలు తీసుకుపోయాడు. ఏడాది తిరక్కుండా ఆ కాగితాలు ఎవరెవరి చేతుల్లోకో వెళ్లాయి. ముందు అడవి వైపు వాళ్లు, తర్వాత ఠాణా వైపు వాళ్లు వచ్చి, ఒక్కో ముఖం మీద వేలు పెట్టి "వీడెవడు?" అని అడిగారు. ఆ వేళ్లు నాకింకా గుర్తే.

అందుకే అమ్మాయికి ముందే షరతు పెట్టాను.

"ఒక్కటే ఫోటో. నేను చెప్పినట్టు దియ్యాలె. సరేనా బిడ్డా?"

"మీ ఇష్టం తాతగారూ."

మా ఊళ్లో ఫోటో అంటే ఆధార్‌కో రేషన్ కార్డుకో తీసేదే. వెనక తెల్లబట్ట ఉండాలి, చెవులు కనబడాలి, కదలకూడదు. ఉతికిన పంచెను గోడకు కట్టాను. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాను. ఇద్దరం కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్నాం. తీసింది, "బాగుందండీ" అంది. నేను పంచె విప్పి మడతపెట్టాను. నా దృష్టిలో ఫోటోల పని అక్కడితో ముగిసింది. తర్వాత కూడా కెమెరా ఆమె మెడలోనే ఉంది గాని, వెనక బట్ట లేదు కదా, ఇక అదేం చేస్తుందనుకున్నాను. ప్రతిదాన్నీ అనుమానించేవాణ్ణి, ఆ ఒక్కచోట గుడ్డిగా నమ్మాను.

మూడేళ్ల కిందట నా భార్యకు కుడి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే వెనక వసారాలో తడిక మూసి, నేనే నూనె రాసి జడ వేస్తాను. మగవాడు పెళ్లానికి తల దువ్వడం మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. చూస్తే ఆమె మీద జాలిపడతారని, నన్ను చూసి నవ్వుతారని ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ అమ్మాయి ఇంట్లోనే ఉంది గనక ఆమె దగ్గర దాచడానికి కుదరలేదు.

వానలు వెలిశాక మందుల కోసం దంతెవాడ వెళ్లాను. బస్టాండు దగ్గర ఒక హాలు ముందు జనం కనిపిస్తే లోపలికి తొంగిచూశాను. గోడ మీద, తలుపంత పెద్దగా, మా వసారా. ఆమె కళ్లు మూసుకుని ఉంది. నేను తల వంచి పాయలు తీస్తున్నాను. కింద హిందీలో 'పొద్దున' అని ఒక్క మాట. పక్కనున్న ప్యాంటు సారు హిందీలోనే, ఎంత ముద్దుగా ఉందో అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా ఇంట్లో ముద్దేమిటో చెప్పడానికి వీడెవడు?

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే, దువ్వెన పట్టుకునే నా భార్యను నిలదీశాను.

"ఆ పిల్ల కెమెరా ఎత్తుతుంటే నువ్వు చూడలేదా?"

"నువ్వు చిక్కులు గుంజుతుంటే నాకు కండ్లెట్ల తెరుసుకుంటయి?"

"చప్పుడన్నా ఇనలేదా?"

"ఏందయ్యా, ఠాణాల కూసోబెట్టినట్టు అడుగుతవు? జడ ఎయ్యి, పొద్దెక్కుతుంది."

అటు తిరిగి కూర్చుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందేమో అనిపించింది. దాన్నీ అనుమానించాను.

నేను బడికి పోనివాణ్ణి. బీడీల తునికాకు కొనే కల్లంలో కూలీల కార్డుల మీది పేర్లు చూసి హిందీ అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ అక్షరాలతోనే అమ్మాయికి మూడు పేజీల ఉత్తరం రాశాను. ఆ ఫోటో గోడ మీంచి తీసెయ్యమన్నాను. పంచె ముందు తీసినట్టు తీసి, ముసలివాణ్ణి ఏమరపాటున పట్టుకోవడం దొంగతనమన్నాను. మంచం పట్టని మనిషిని ఊరి జాలికి అప్పగించావన్నాను.

రెండు నెలలకు జీపు డ్రైవరు ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. లోపల అదే ఫోటో, అరచేతంత. దాని వెనక చీటీ:

"తాతగారూ, తప్పు నాదే. మిమ్మల్ని అడగాల్సింది. ఫోటో తీయించేశాను, ఇంకెక్కడా పెట్టను. ఈ ఒక్క కాపీ అవ్వగారిది, ఆవిడకే ఇవ్వండి. వచ్చిన రోజే నా చెయ్యి పట్టుకుని ఏమన్నారో రాస్తున్నాను: 'మా ముసలాయన నాకు జడేస్తడు బిడ్డా, చెప్తే మా చెల్లెండ్లు నమ్ముతలేరు. ఒక్క ఫోటో తియ్యి. ఆయనకు మాత్రం చెప్పకు, చెప్తే చొక్కా తొడుక్కొని కుర్సీల కూసుంటడు.'"