ఊపిరి చొక్కా

షాహీనా అంత పిరికి మనిషి తెనాలి మొత్తంలో ఇంకొకరు ఉండరని నేను ఊరంతా చెప్పుకుంటూ తిరిగేదాన్ని. ఉరిమితే చెవులు మూసుకుంటుంది. గ్యాస్ బండ మార్చాలంటే నన్ను పిలిచి, తను వీధిలోకి వెళ్ళి నిలబడుతుంది. అదే మనిషి, పొగలు కక్కే రంగు గిన్నెలో కర్ర పెట్టి బట్ట తిప్పేటప్పుడు మాత్రం చెయ్యి కొంచెం కూడా వణకదు. ఇదేం చోద్యమో నాకు అంతుపట్టేది కాదు.

నా పేరు రిబ్కా. డాన్సు డ్రెస్సులు కుడతాను. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. షాహీనా రంగు వేసిన బట్ట ఆ గోడ మీద ఆరుతుంది, ఆరాక నా మిషను మీదికి వస్తుంది, కుట్టాక ఆమె భర్త నాగూర్ బాషా మూట కట్టుకుని బాపట్ల, రేపల్లె, చేబ్రోలు తిరిగి డాన్సు స్కూళ్ళకి ఇచ్చి వస్తాడు. మా ముగ్గురి బతుకూ ఆ సాగే బట్ట మీదే.

రంగులు వేసేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ షాహీనా పని వేరు. ఆమె తెప్పించే బట్ట నిలువునా సన్నటి గట్లు గట్లుగా అల్లి ఉంటుంది. గట్టుకీ గట్టుకీ మధ్య చిన్న కాలవ. ముందు బట్టనంతా పసుపు రంగులో ముంచి ఆరేస్తుంది. తర్వాత దాన్ని లాగకుండా, ముడుచుకున్నది ముడుచుకున్నట్టే బల్ల మీద పరిచి, చిక్కటి నీలం పూసిన రోలరు పైపైన దొర్లిస్తుంది. నీలం గట్లకే అంటుకుంటుంది, కాలవల్లోకి దిగదు. చూడ్డానికి ఉత్త నీలం గుడ్డ. తొడుక్కుని మోకాలు వంచితే చాలు, బట్ట సాగి, కాలవలు తెరుచుకుని పసుపు భగ్గుమంటుంది. కాలు చాపగానే మళ్ళీ నీలమే. స్టేజీ మీద పిల్లలు గెంతుతుంటే ఒంటినిండా మంటలు లేచి ఆరుతున్నట్టుంటుంది. రోలరు కాస్త గట్టిగా నొక్కితే కాలవలు పూడిపోయి బట్టంతా దండగ. ఏ బట్ట ఎక్కడ ఎంత తెరుచుకుంటుందో ఆమెకి ఎవరూ తొడుక్కోకముందే తెలుసు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి ఆమెకి కొడుకు పుట్టాడు. తాత పేరు పెట్టారు, అబ్దుల్ షుకూర్ అని. నెలలు నిండకుండా పుట్టాడని గుంటూరులో గాజు పెట్టెలో ఉంచారు. ఆ పెట్టెలో ఉన్నన్నాళ్ళూ వాడు ఊపిరి తీయడం మర్చిపోతూ ఉండేవాడు. నిజంగానే మర్చిపోయేవాడు. మిషను కూసేది, నర్సు పరుగున వచ్చి అరికాలి మీద తట్టేది, వాడికి గుర్తొచ్చేది. షాహీనా గాజుకి ఇవతల నిలబడి ఇదంతా చూసింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఇక భయం లేదమ్మా, అందరిలాంటి పిల్లాడే అన్నాడు. ఆయనకి లేదు భయం. ఇంటికొచ్చాక ఈమె దగ్గర కూసే మిషను కూడా లేదు.

ఇక చూడండి ఆమె అవస్థ. రంగు గిన్నె వదిలేసి తడి చేతులతో లోపలికి పరుగు. వాడి ముక్కు కింద వేలు పెట్టి చూడడం. వెచ్చగా తగిలిందో లేదో అనుమానం వచ్చి నిద్రపోతున్నవాణ్ణి లేపడం, వాడు ఆరున్నొక్క రాగం అందుకుంటే హమ్మయ్య అనుకోవడం.

"ఊపిరి తీసుకోడానికి వాడు నీ పర్మిషన్ అడగాలా ఏంటే?" అని నేను వేళాకోళం చేసేదాన్ని. ఆమె నవ్వేది కాదు. "నీకేం తెలుసు రిబ్కక్కా, ఆ పెట్టె ముందు నువ్వు నిలబడలేదు" అనేది.

చివరికి ఒకరోజు నా మిషను మీద చిన్న నీలం ముక్క పెట్టి, వాడికి చొక్కా కుట్టమంది. లోపల నూలు బనీను, దాని మీద ఇది. మరీ బిగుతుగా ఉండకూడదు, వదులుగానూ ఉండకూడదు. కుట్టి తొడిగాం. వాడు ఊపిరి తీయగానే మెడ నుంచి బొడ్డు దాకా సన్నటి పసుపు గీతలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. వదలగానే మూసుకున్నాయి. ఎంత చిన్న ఊపిరికైనా సరే, పెరట్లో గిన్నె దగ్గర నిలబడి కూడా గుమ్మంలోంచి కనబడేంతగా. ఆ పూట షాహీనా కూర్చుని అన్నం తినడం చూశాను. వాడు పెరిగేకొద్దీ కొత్తవి రంగు వేసేది, నేను కుట్టేదాన్ని.

బాషాకి మాత్రం ఇది తలవంపుగా ఉండేది. పిల్లాడు పాకే వయసుకి వచ్చినా షాహీనా చొక్కా విప్పనివ్వదు. చుట్టాలు వచ్చి, పిల్లాడికి ఈ వేషం ఏంటని నవ్విపోతున్నారు. ఆ వేసవిలో ఒక పొద్దున మూట స్కూటరు మీద పెట్టుకుంటూ గట్టిగానే అరిచాడు.

"ఇయ్యాల్టితో అది మానెయ్. డాక్టరే ఏం లేదన్నాడు. నీ భయంతో వాణ్ణి కూడా పిరికోణ్ణి చేస్తున్నావ్!"

అతను రేపల్లె బయల్దేరగానే షాహీనా పిల్లాడి చొక్కా విప్పి మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. కానీ ఆ తర్వాత ఏ పనీ సాగలేదు. రోలరు పట్టుకుంటే మొదటిసారి చెయ్యి వణికింది. నేను చూశాను.

మధ్యాహ్నం బాపట్ల నుంచి శ్రీలక్ష్మి మేడం వచ్చింది. ఆమె డాన్సు స్కూలు వాళ్ళది పెద్ద ఆర్డరు. బట్ట ఎలా తెరుచుకుంటుందో కళ్ళారా చూడాలంది. శాంపిల్ ముక్కలన్నీ బాషా పట్టుకెళ్ళాడు. ఇంట్లో ఉన్నది ఆ చొక్కా ఒక్కటే. షాహీనా నా వంక చూసింది. "తొడుగు, బాషాకి నేను చెప్తాలే" అన్నాను. అడవులదీవి ఊరి నుంచి వచ్చిన తాటి ముంజలు ఉంటే ఒలిచి, కోసి, పళ్ళెంలో పెట్టి మేడం ముందు ఉంచాను. షుకూర్ బొంత మీద పాకుతున్నాడు. ఆ పళ్ళెంలోంచి ముక్క ఎప్పుడు లాక్కున్నాడో ముగ్గురిలో ఒక్కరం కూడా చూడలేదు.

షాహీనా వాణ్ణి ఎత్తి, చొక్కా తొడిగి, గీతలు బాగా కనపడాలని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టింది. ముగ్గురం వంగి వాడి రొమ్ము మీదికే చూస్తున్నాం. గీతలు తెరుచుకున్నాయి. ఎప్పుడూ లేనంత వెడల్పుగా, ఎప్పుడూ లేనంత త్వరత్వరగా. పొట్ట మీద పసుపు వెలిగితే రొమ్ము మీద ఆరుతోంది, రొమ్ము మీద వెలిగితే పొట్ట మీద ఆరుతోంది. కిందికీ పైకీ అల కొట్టినట్టు.

"అబ్బ, ఈ అల చూడండి! మా పిల్లలకి ఇదే కావాలండి, అచ్చం ఇదే!" అని మేడం చప్పట్లు కొట్టింది.

నాకూ అద్భుతంగానే తోచింది. షాహీనా మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

"అది నేను వేసింది కాదండి" అంది.

"ఏంటి?"

"ఈ బట్టలో అల లేదు. అంతా ఒక్కసారే తెరుచుకోవాలి."

అప్పుడు వాడి మొహం చూశాం. కళ్ళు పెద్దవి చేసుకుని తల్లినే చూస్తున్నాడు. నోరు తెరిచే ఉంది, ఏడుపు లేదు, దగ్గు లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. లోపలికి గాలి పోక, వాడు ప్రాణమంతా పెట్టి గుంజుకుంటున్నాడు. మేము చూసి మురిసిపోయిన వెలుగు అదీ.

"ఏసయ్యా" అనడం తప్ప నాకింకేం చేతకాలేదు. షాహీనా వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసింది, తల కిందికి వంచింది, రెక్కల మధ్య అరచేత్తో కొట్టింది. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టింది. అంత చిన్న వీపు మీద అంత గట్టి దెబ్బలా అనిపించింది నాకు. వాడి చేతులు వేలాడిపోయాయి. మేడం గోడకి ఆనుకుని ఏడుస్తోంది. షాహీనా పెదవి కదలకుండా కొడుతూనే ఉంది. గుంటూరులో నర్సుని బతిమాలి ఇదంతా నేర్చుకుని వచ్చిందని, అప్పట్లో దానికీ నేను నవ్వానని అప్పుడు గుర్తొచ్చింది.

ముంజ ముక్క నేల మీద పడింది. ఒక క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత వాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదన్నారు. చీకటి పడేలోపు ఇంటికి వచ్చేశాం. షాహీనా అప్పుడు మొదలుపెట్టింది వణకడం. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. రెండు దుప్పట్లు కప్పినా, మే నెల ఉక్కలో, ఆగలేదు. పొద్దున చొక్కా బీరువాలో పెట్టానక్కా, బీరువాలో పెట్టాను అని అదే మాట.

బాషా వచ్చాడు. జరిగింది నేనే చెప్పాను. స్కూటరు మీద మూట కూడా దించుకోలేదు. పిల్లాడి పక్కన కూర్చుని, వాడి చొక్కా గీతలు తెరుచుకోవడం మూసుకోవడం చూస్తూ ఉండిపోయాడు. అన్నానికి లేవమన్నా లేవలేదు.

శ్రీలక్ష్మి మేడం తర్వాత ఫోన్ చేసి, డ్రెస్సులు ఉత్త ఎరుపు చాలు, గీతలేవీ వద్దండి, చూడలేను అని చెప్పింది. అలాగే ఇచ్చాం. షుకూర్ నడక నేర్చాడు. చొక్కా బొడ్డు పైకి వచ్చేసింది, చంకల్లో బిగుసుకుపోయింది. షాహీనా దాన్ని విప్పేసింది. కొత్తది వేస్తుందని నేను చూస్తున్నాను గానీ ఆమె వేయలేదు. వాడు చప్పుడు లేకుండా ఆడుకుంటున్నా ఆమె తన మానాన రంగు తిప్పుకుంటోంది. గుమ్మం వంక చూడటం తగ్గింది.

ఒక మధ్యాహ్నం బాషా పెరట్లోకి వచ్చి గిన్నె దగ్గర నిలబడ్డాడు. నేను గోడ ఇవతల కుడుతున్నాను.

"ఇంకో చొక్కా చెయ్యి. వాడికి సరిపోయేది" అన్నాడు.

"ఎందుకండీ? పెద్దోడయ్యాడు. ఏం కాదు" అంది షాహీనా.

మిషను ఆపేశాను.

"నాకు భయంగా ఉంది షాహీనా" అన్నాడు.