పేము సోఫాలో నా చోటు

పెళ్లయిన కొత్తలో ఓసారి కాజీపల్లి మందుల కంపెనీలో షిఫ్టు దిగి, నేరుగా జిన్నారం దగ్గరి అత్తగారింటికి వెళ్లాను. హాల్లో పేముతో అల్లిన టేకు సోఫా ఉంది. మా మామగారి తండ్రి చేయించినది. పెద్దల్లుడు అందులో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నేనూ కూర్చోబోతుంటే అత్తమ్మ ఆపింది.

"ఆగు బిడ్డా, నీ బట్టలు మందుల వాసనొస్తున్నయ్. పేముకు పడితే పోదు. గా ఇనుప కుర్చీల కూసో."

కూర్చున్నాను. ఆ మాట మాత్రం మరిచిపోలేదు. తర్వాత తలంటుకుని, ఇస్త్రీ బట్టలేసుకుని వెళ్లినా నాకు ఆ ఇనుప కుర్చీయే వేసేవారు. వాళ్లంతట వాళ్లు పిలిస్తే తప్ప సోఫాలో కూర్చోకూడదనుకున్నాను. ఒక్కరూ పిలవలేదు.

ఈమధ్య ఆ పాత ఇల్లు పడగొట్టారు. అత్తమ్మా, సోఫా ఇద్దరూ సిటీలో పెద్దల్లుడి ఫ్లాటుకు చేరారు. నేనూ మా ఆవిడా చూడటానికి వెళ్లాం. గడప దాటగానే ముందు సోఫాయే కనిపించింది. ఏళ్లనాటి మసి గీకేస్తే టేకు లోపలి తేనె రంగు బయటపడింది. కిటికీ ఎండ పేము కన్నాల్లోంచి దూరి నేలంతా చుక్కల ముగ్గు పెట్టింది. వంగి చూశాను. ఎక్కడా ఒక్క మేకు లేదు. సోఫా చేతి మీద, మామగారి అరచెయ్యి రాసుకుని నునుపెక్కిన చోటు అలాగే మెరుస్తోంది.

"తమ్మీ, దాని మీద కూసోకు. వింటేజ్ పీసు, చూసేటందుకే పెట్టినం," అంటూ పెద్దల్లుడు మడత కుర్చీ తెచ్చాడు.

మళ్లీ కుర్చీ!

"నిలబడే చాయ్ తాగుత అన్నా. గా కుర్చీల మాత్రం కూసోను."

వంటింట్లోంచి అత్తమ్మ వచ్చింది. "ఏంది బిడ్డా, నిలబడ్డవ్? సోఫాల కూసోరాదు. ఎవ్వలు వద్దన్నరు?"

ఎవరన్నారో నాకు తెలుసు. ఆ రోజు నేను ఏ చొక్కా వేసుకున్నానో కూడా తెలుసు. అయినా పిలుపు వచ్చింది కదా, కూర్చున్నాను.

పేము కిర్రుమనలేదు. మెల్లగా కిందికి దిగి, నడుముకు చెయ్యి అడ్డుపెట్టినట్టు ఆగింది. కోపంగా కూర్చోవాలనుకున్నాను గానీ అందులో అది సాధ్యం కాలేదు.

అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాను. పెద్దల్లుడు ప్రతి ముద్దకూ నా పళ్లెం కిందికి చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం మా ఆవిడ సంచి పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"ఇగ లేస్తవా, లేవవా? పటాన్‌చెరు బస్సు పోతది."

"పోనీ. ఇంకోటొస్తది."