వాక్యానికీ వాక్యానికీ మధ్య

కరోనా మొదటి ఏడాది జూన్‌లో మా ఆఫీసు మూతపడింది. ఇంటి నుంచే రికార్డింగ్ చేయమని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను గుంటూరులో, చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలను ఆడియో చేసే ఒక సంస్థలో సీనియర్ రీడర్‌ని. రీడర్ పని చదవడం వరకే. తప్పులు కత్తిరించడం, గొంతు హెచ్చుతగ్గులు సరిచేయడం, ఫైలు పంపడం స్టూడియో అద్దానికి అవతల కూర్చునే రికార్డిస్టు పని. అందులో నేనెప్పుడూ వేలు పెట్టలేదు. చిన్నప్పుడు బడికి వెళ్ళలేదు. నాన్నగారే ఇంట్లో చదువు చెప్పి, రోజూ సాయంత్రం బైబిలు పైకి చదివించేవారు. ఆ చదువే నాకు ఉద్యోగమైంది. అందుకు దేవునికి స్తోత్రం చెప్పుకోని రోజు లేదు.

ప్రత్తిపాడులో మా ఇంటి వెనక గదిని సిద్ధం చేసుకున్నాను. గోడలకు దూది బొంతలు వేలాడదీస్తే గొంతు గింగురుమనడం తగ్గింది. ఫ్యాను ఆపి, ప్రార్థన చేసుకుని డిగ్రీ చరిత్ర పుస్తకం చదవడం మొదలుపెట్టేదాన్ని. కత్తిరింపులూ ఇప్పుడు నా పనే కాబట్టి, ఇక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. సూపర్‌వైజర్ గారిని ఫోన్లో అడిగితే, "మీ ఇష్టమండి. ఫైలు చిన్నదిగా ఉంటే చాలు, పిల్లల ఫోన్లలో పట్టాలి కదా" అన్నారు.

రెండు చూశాను. మొదటిది అసలు రికార్డింగ్ జోలికి పోదు. ఎక్కడ కత్తిరించామో విడిగా గుర్తుపెట్టుకుంటుంది. నెల తర్వాతైనా వెనక్కి తెచ్చుకోవచ్చు. కాకపోతే నా పాత కంప్యూటర్ మీద ఎడ్లబండిలా నడిచింది. రెండోది తేలిక. అసలు ఫైలు మీదే కత్తిరిస్తుంది, సేవ్ చేస్తే పాతది పోతుంది. అందులో ఒక బటన్ నాకు తెగ నచ్చింది. మాటల మధ్య నిశ్శబ్దం కాస్త ఎక్కువైన చోటల్లా అదే వెతికి కుదించేస్తుంది. గంట పాఠం నలభై నిమిషాలకు దిగింది. రేడియో వార్తల్లా బిగువుగా వినిపిస్తుంటే మురిసిపోయి, రెండోదాన్నే ఎంచుకున్నాను.

ఆ పాఠాలు వినేవాళ్ళలో పర్చూరు దగ్గరి ప్రసన్నకుమార్ ఒకడు. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చివరి ఏడాది. అన్నీ గట్టెక్కితే బి.ఇడి.లో చేరి టీచరు కావాలని ఆశ. ప్రతి పాఠం అందగానే ఫోన్ చేసేవాడు. "అందిందండి మేడమ్ గారూ, చాలా థాంక్సండి" అనేవాడు. ఆ మాటకు నేను దేవునికి కృతజ్ఞత చెప్పుకుని తర్వాతి పాఠానికి కూర్చునేదాన్ని.

ఫలితాలు వచ్చాక శుభవార్త విందామని నేనే ఫోన్ చేశాను. వాళ్ళమ్మ మరియమ్మ ఎత్తింది. పొలం కూలీ, గొంతు పెద్దది.

"చరిత్ర పోయిందమ్మా. అదొక్కటే పోయింది. మీ చదువు బాగుంటదమ్మా, కాదన్ను. కానీ మీరు ఊపిరి పీల్చుకోరా ఏంది? మావోడు ఒక ముక్క పొడుచుకునే లోపల మీరు నాలుగు ముక్కలు దాటిపోతారు!"

"అమ్మా, నువ్వూరుకోవే! మేడమ్ గారు ఏమనుకుంటారు?" అని వెనక నుంచి ప్రసన్నకుమార్ గొంతు.

"ఏమనుకుంటే ఏందిరా? పరీక్ష పోయింది నీకా, ఆమెకా?"

పొడుచుకోవడమంటే బ్రెయిలీ రాయడం. పలకలో మందపాటి కాగితం బిగించి, మొనదేలిన పుల్లతో చుక్కలు పొడుస్తారు. రెండు చేతులూ అందులోనే ఉంటాయి. ఆఫీసు రికార్డింగుల్లో ప్రతి వాక్యం చివర కాస్త ఖాళీ ఉండేది. రికార్డిస్టు బద్ధకమనుకున్నాను ఇన్నేళ్ళూ. విద్యార్థులు నోట్సు రాసుకునేది ఆ ఖాళీలోనే. నా పాఠాల్లో అది లేకపోయేసరికి, మరియమ్మ పత్తి కలుపు మానుకుని కొడుకు పక్కన కూర్చుని, వాడు ఆగమన్నప్పుడల్లా ఫోన్ బటన్ నొక్కింది. రెండు వారాలు నొక్కింది. తర్వాత పనికి పోక తప్పలేదు. మిగిలిన సగం సిలబస్‌కు అతని దగ్గర నోట్సు లేదు.

ముందే చెప్పలేదేమని ప్రసన్నకుమార్‌ని అడిగాను. "మీరు అంత కష్టపడి చదువుతుంటే వంక పెడితే బాగోదనిపించిందండి" అన్నాడు.

తీసేసిన ఖాళీలను తిరిగి పెడదామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అసలు రికార్డింగులు ఒక్కటీ లేవు, అన్నీ సేవ్ చేసినప్పుడే పోయాయి. ఒక్కో వాక్యం వెతికి ఖాళీ చేర్చడం కన్నా మళ్ళీ చదవడమే నయం. పుస్తకం మొత్తం మొదటి నుంచి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగుతూ చదివాను. మరుసటి ఏడాది ప్రసన్నకుమార్ ఆ పేపర్ ప్యాసయ్యాడు. కానీ ఈలోగా ఇల్లు గడవక వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించే పనికి కుదిరాడు. బి.ఇడి. సంగతి ఒకసారి కదిపితే "చూద్దామండి" అన్నాడు. చేరలేదు. కొత్త రికార్డింగులకు మాత్రం మరోసారి థాంక్స్ చెప్పాడు.

రిటైరయ్యాక కూడా, ఇంట్లో రికార్డింగ్ పెట్టుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని నన్ను అడుగుతుంటారు. అసలు రికార్డింగ్‌ను చెరపనిది ఏదైనా మంచిదే, నెమ్మదిగా నడిస్తే ఓపిక పట్టండి అంటాను. అది రెండో మాట. ముందు, వినేవాళ్ళు వింటూ చేతులతో ఏం చేస్తుంటారో కనుక్కోమంటాను. థాంక్స్ చెప్పారు కదా అని ఊరుకోవద్దంటాను. ప్రసన్నకుమార్ ప్రతి పాఠానికీ థాంక్స్ చెప్పాడు. ఎలా ఉందని నేను ఒక్క పాఠానికీ అడగలేదు.